నెత్తళ్లు

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, రాత్రి పదకొండు.
బారువకి ఇవతల ఒక ఇసకపల్లె నుంచి
సూరాడ దానేసు వచ్చేడు, ఆరేళ్లవాడు,
మెడ గిత్తమెడలా వాచి,
ఊపిరి తీస్తే తుప్పు గడియ చప్పుడు.

నోరు తెరిపిస్తే
కొండనాలుక చుట్టూ బూడిదరంగు పొర,
మీగడలా తేలిగ్గా కాదు,
తడి తోలులా కరుచుకుని.
డాక్టరమ్మ దూదిపుల్లతో అంచు కదిపింది.
నెత్తురు.
పుల్ల నా చేతికిచ్చి
విశాఖకి ఫోన్ చేసింది, సీరం కావాలని.
నా జవాబు కోసం ఆగలేదు.
ఆగకూడదు కూడా.

గాజుపలక, మంట మీద మూడుసార్లు,
ఆకుపచ్చ రంగు, అయోడిన్, కుళాయి నీళ్లు.
ల్యాబ్ గుమ్మంలో ముసలమ్మ:
"ఎవుడో కంఠసర్పి అన్నాడు.
సరపమేటి బావూ, నా గుంటడి పీకలో?"

పాము కాదమ్మా.
కంటికి ఆనని పురుగు. బాక్టీరియా.
ఆమెకి ఆ మాట ఏమీ కాలేదు.
ఐసు కొనిచ్చిన కోడల్ని తిట్టింది,
గంగమ్మకి బాకీపడ్డ కోడిని తలుచుకుంది.
లోపలికి రానివ్వకూడదు.
మాస్కు కట్టి రానిచ్చేను.

వల సూదికి దారం ఎక్కించేటప్పటిలా
ఒక కన్ను మూసి, ఒక కన్ను ఆనించి,
చాలాసేపు.
"నెత్తళ్లు," అంది.
"ఎండేసిన నెత్తళ్లు. అడ్డదిడ్డంగా.
కళ్లు కూడా ఉన్నాయి, నల్లగా."

చీనా అక్షరాల్లా ఉంటాయని పుస్తకం.
ఇరవయ్యేళ్లు అదే వల్లించేను,
ఒక్క చీనా అక్షరమూ ఎరగకుండా.

"ఇవి లోపలికి ఎల్తాయా?"
వెళ్లవు. పీక దగ్గరే, దరి మీదే ఉంటాయి.
విషాన్ని పంపుతాయి,
గుండెకి, నరాలకి.
ఆ విషం వంటకం కూడా వీటిది కాదని,
వీటికంటే చిన్నది, ఒక వైరస్,
వీటిలో దూరి రాసిపోయిందని,
అది దూరని నెత్తళ్లు చాలావరకు
ఊరికే ఉండిపోతాయని
చెప్పలేదు.
చెబితే, మరి ఎవర్ని తిట్టాలి, అంటుంది.

కోడలు పాలిథిన్ కవరు ముడి విప్పింది.
కార్డులో మొదటి మూడు గళ్లలో తేదీలు.
ఏడాదిన్నర దగ్గర ఖాళీ. అయిదేళ్ల దగ్గర ఖాళీ.
అప్పుడు వాళ్లు వేరావల్‌లో.
మొగుడు బోటు మీద, ఆమె రొయ్య వలుస్తూ.
"ఆ ఊరి పుస్తకంలో
మా పేరు లేదు గదండీ."

మూడూ నలభైకి సీరం దిగింది, ఐసు పెట్టెలో.
గుర్రం నెత్తుర్లోంచి తీస్తారంటే
ముసలమ్మ గోడవైపు తిరిగి
ఎక్కడో ఉన్న గుర్రానికి దండం పెట్టింది.
ఇంకా తేలుతున్న విషాన్నే పడుతుందది.
గుండెకి ఎక్కేసిన దాన్ని దింపలేదు.

తొమ్మిదో రోజు పొర పోయింది.
మెడ మెడలా ఉంది.
తాగిన నీళ్లు మాత్రం ముక్కులోంచి వస్తున్నాయి,
మాట గుణగుణమంటోంది.
లేచి పరిగెడతానంటాడు.
పక్క వార్డువాళ్లు, తగ్గిపోయిందిగా, అంటారు.
నర్సు రోజాకుమారి మంచం కదలనివ్వదు.
ఇప్పుడే అసలు భయం,
ఆ కాగితం మీద గుండె గీసే గీతలో.

ముసలమ్మ వాడి ఛాతీ మీద చెయ్యేసి కూర్చుంటుంది,
అడుగున ఏదైనా లాగుతుందేమోనని
వలతాడు పట్టుకున్నట్టు.
మాత్రలు తనూ మింగింది,
కోడలూ, కోడలి చంటిదీ.

"మా ఊళ్లో ఇంకెన్ని పీకల్లో ఉన్నాయో
ఈ నెత్తళ్లు," అంది నన్ను చూసి.
రేపు పొద్దున్నే టీకా బండి వెళ్తుంది,
పిల్లల పేర్లు చెప్పమన్నాను.
కామేసు, చిన్నెర్రయ్య, లచ్చిమి కూతుళ్లిద్దరూ,
మొన్ననే వేరావల్ నుంచి దిగిన బడే వాళ్ల కవలలు...
ఒక చెయ్యి వాడి గుండె మీదే ఉంది.
రెండో చేతి వేళ్లు అయిపోయాయి.
నా చెయ్యి చాపమంది.